ప్రేవుల నుండి క్లోమానికి కబురు – షుగర్ వ్యాధిలో జీఎల్‌పీ-1 హార్మోను పని



ఈమధ్య మా ఓపీకి వచ్చేవారిలో చాలామంది ఒకే మాట అడుగుతున్నారు. "వారానికి ఒక్క సూది వేసుకుంటే షుగర్ తగ్గుతుందట, ఒళ్ళు కూడా తగ్గుతుందట, నిజమేనా?" అని. కొందరికి ఆ కబురు దుబాయి నుండి, మస్కట్ నుండి ఫోనులో వస్తున్నది. ఇంకొందరు తాము వాడే మాత్రల చీటీ తెచ్చి, "ఈ గ్లిప్టిన్ మాత్ర ఎందుకు, మెట్ఫార్మిన్ ఒక్కటి చాలదా?" అని అడుగుతున్నారు.

ఆ సూదికీ ఈ మాత్రకూ మూలం ఒక్కటే. మన ప్రేవులలో పుట్టే ఒక చిన్న హార్మోను. దాని పేరు జీఎల్‌పీ-1. అది ఏమి చేస్తుందో తెలిస్తే, డాక్టరు ఫలానా మందు ఎందుకు ఇచ్చారో, దానిని సొంతంగా మానకూడదని ఎందుకు చెబుతామో, ఆ సూది ఎవరికి మంచిదో ఎవరికి కాదో మీకే తెలుస్తుంది. అందుకే ఈ సంచికలో దీనిని వివరంగా వ్రాస్తున్నాము.

ఇది కొద్దిమంది సంగతి కాదు. భారత వైద్య పరిశోధన మండలి దేశమంతటా చేయించిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం మన దేశంలో సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి షుగర్ వ్యాధి ఉన్నది. మరో 13 కోట్ల 60 లక్షల మంది దాని అంచున ఉన్నారు. వీరిలో అత్యధికులది రెండవ రకం షుగర్ వ్యాధి. ఈ వ్యాసం ఆ రెండవ రకం గురించే.

నోటితో తాగిన గ్లూకోజు, నరానికి ఎక్కించిన గ్లూకోజు

మన పల్లెలలో నీరసంగా ఉందంటే "ఒక గ్లూకోజు బాటిల్ ఎక్కించండి" అని అడగడం అలవాటు. ఇప్పుడు ఒక ప్రశ్న. ఒక మనిషికి కొంత గ్లూకోజు నీళ్ళలో కలిపి తాగించాము. మరొక రోజు అదే మనిషికి, రక్తంలో షుగర్ అంతే పెరిగేటట్లుగా, నరం ద్వారా గ్లూకోజు ఎక్కించాము. రెండుసార్లూ రక్తంలో షుగర్ ఒకే విధంగా ఉన్నది. మరి శరీరంలో ఇన్సులిన్ కూడా ఒకే విధంగా రావాలి గదా?

రాదు. 1964లో లండన్‌లోని వైద్యులు ఇటువంటి పరీక్షే చేసి చూశారు. నోటి ద్వారా తీసుకున్నప్పుడు ఇన్సులిన్ చాలా ఎక్కువగా వచ్చింది. నరం ద్వారా ఇచ్చినప్పుడు తక్కువగా వచ్చింది. తేడా ఏమిటి? నోటితో తాగిన గ్లూకోజు ప్రేవుల గుండా వెళ్ళింది. నరానికి ఇచ్చినది ప్రేవులను తాకలేదు. అంటే ప్రేవులే ఏదో కబురు పంపి, క్లోమ గ్రంథి చేత ఎక్కువ ఇన్సులిన్ తయారు చేయిస్తున్నాయి.

తరువాతి పరిశోధనలలో లెక్క తేలింది. ఆరోగ్యవంతులలో గ్లూకోజు తాగిన తరువాత వచ్చే ఇన్సులిన్‌లో సగం నుండి మూడింట రెండు వంతుల వరకు ఈ ప్రేవుల కబురు వల్లనే వస్తుంది. ఈ కబురు మోసే హార్మోనులను ఇంక్రెటిన్‌లు అంటారు. ఆ పేరును 1932లోనే బెల్జియం దేశపు శాస్త్రవేత్త లా బార్ పెట్టారు. అయితే అసలు హార్మోను దొరకడానికి ఇంకా చాలాకాలం పట్టింది.

ఇంక్రెటిన్‌లు ముఖ్యంగా రెండు. మొదటిది జీఐపీ. ఇది చిన్నప్రేవు పై భాగంలో పుడుతుంది. రెండవది జీఎల్‌పీ-1. ఇది ఎక్కువగా చిన్నప్రేవు చివరి భాగంలోను, పెద్దప్రేవులోను ఉండే కణాలలో పుడుతుంది. 1980ల చివరలో అమెరికాలో జోయెల్ హేబెనర్, స్వెత్లానా మొయ్‌సోవ్, డెన్మార్క్‌లో యెన్స్ హోల్స్ట్ చేసిన పరిశోధనల వల్ల జీఎల్‌పీ-1 ఇన్సులిన్‌ను రప్పిస్తుందని రుజువైంది.

యార్డు గేటు దగ్గరి ఫోను

దీనిని మనకు తెలిసిన సంగతితో పోల్చి చూద్దాము. పసుపు సీజనులో వేల్పూర్, ఆర్మూర్ వైపు నుండి బస్తాల బండ్లు నిజామాబాద్ మార్కెట్ యార్డుకు వెళ్తాయి. బస్తాలు దిగాలంటే హమాలీలు కావాలి. గేటు దగ్గర ఉన్న మనిషి బండ్లు రావడం చూడగానే లోపలికి ఫోను చేసి, "బండ్లు వస్తున్నాయి, హమాలీలను పంపండి" అని చెప్పాడనుకోండి. బస్తాలు దిగుతూనే గోదాములోకి చేరతాయి. యార్డు ఖాళీగా ఉంటుంది. ఫోను రాకపోతే? బస్తాలు యార్డు నిండా పేరుకున్న తరువాత గాని హమాలీలు రారు.

ఇక్కడ బస్తాలు అంటే మనం తిన్న అన్నం, రొట్టె నుండి వచ్చిన చక్కెర. యార్డు మన రక్తం. గోదాములు కాలేయము, కండరాలు. హమాలీలు ఇన్సులిన్. గేటు మన ప్రేవులు. గేటు దగ్గర నుండి వెళ్ళే ఆ ఫోనే జీఎల్‌పీ-1.

ఈ ఫోను ఒక్క పని కాదు, నాలుగు పనులు చేస్తుంది.

మొదటిది, క్లోమ గ్రంథికి చెప్పి ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తుంది.

రెండవది, గ్లూకగాన్ అనే మరొక హార్మోనును తగ్గిస్తుంది. మనం తిననప్పుడు కాలేయం తాను దాచుకున్న చక్కెరను రక్తంలోకి వదలాలని గ్లూకగాన్ చెబుతుంది. కొత్త బస్తాలు వస్తున్నప్పుడు గోదాములోని పాత బస్తాలను బయటకు తేవడం ఎందుకు? అందుకే జీఎల్‌పీ-1 దానిని ఆపుతుంది.

మూడవది, కడుపులోని ఆహారం ప్రేవులలోకి మెల్లగా దిగేటట్లు చేస్తుంది. బండ్లు అన్నీ ఒకేసారి గేటు మీదికి రాకుండా ఒకటొకటిగా వస్తాయి.

నాలుగవది, మెదడుకు "ఇక చాలు" అని చెబుతుంది. కడుపు నిండిన తృప్తి కలుగుతుంది.

ఇంకొక గొప్ప గుణం ఉన్నది. రక్తంలో చక్కెర ఎక్కువగా ఉన్నప్పుడే జీఎల్‌పీ-1 ఇన్సులిన్‌ను రప్పిస్తుంది. చక్కెర మామూలు స్థాయికి రాగానే దాని ఒత్తిడి తగ్గిపోతుంది. యార్డులో బస్తా లేనప్పుడు ఫోను మ్రోగినా హమాలీలు కదలరు. దేవుడు మన దేహంలో ఎంత జాగ్రత్తగా కొలత పెట్టాడో ఇక్కడ కనబడుతుంది. ఈ గుణమే తరువాత మందుల విషయంలో చాలా అక్కరకు వచ్చింది.

షుగర్ వ్యాధిలో తేడా ఎక్కడ వస్తుంది?

రెండవ రకం షుగర్ వ్యాధిలో రెండు చిక్కులు ఉంటాయని మీరు మా దగ్గర విని ఉంటారు. ఇన్సులిన్ ఉన్నా కండరాలు, కాలేయం దాని మాట సరిగా వినవు. క్లోమ గ్రంథి కూడా రానురాను అలసిపోతుంది. దీనికి తోడు మూడవ చిక్కు, ప్రేవుల కబురు బలహీనపడటం. ఈ వ్యాధి ఉన్నవారిలో ఇంక్రెటిన్ ప్రభావం బాగా తగ్గిపోయి ఉంటుందని 1986లో జర్మనీలో మైఖేల్ నౌక్, ఆయన తోటివారు చూపించారు. అందుకే చాలామందికి పరగడుపున షుగర్ కొంచెమే ఎక్కువ ఉన్నా, తిన్న తరువాత చేసిన పరీక్షలో బాగా పెరిగి కనబడుతుంది.

అయితే ఇక్కడే ఒక ఆశ కూడా దొరికింది. షుగర్ వ్యాధిలో జీఐపీ మాటకు క్లోమం దాదాపు పలకడం మానేస్తుంది. జీఎల్‌పీ-1ను తగినంత మోతాదులో ఇస్తే మాత్రం ఇంకా పలుకుతుంది. 1993లో అదే నౌక్ బృందం కొద్దిమంది రోగులకు పరగడుపున జీఎల్‌పీ-1ను నరం ద్వారా ఇచ్చి చూసింది. కొన్ని గంటలలో వారి షుగర్ మామూలు స్థాయికి వచ్చింది. మామూలు స్థాయికి రాగానే ఇన్సులిన్ కూడా తగ్గింది. షుగర్ ప్రమాదకరంగా పడిపోలేదు.

రెండు నిమిషాల హార్మోను

అయితే దీనినే మందుగా అప్పుడే ఎందుకు ఇవ్వలేదు? ఎందుకంటే రక్తంలోకి వచ్చిన జీఎల్‌పీ-1లో సగం సుమారు రెండు నిమిషాలలోనే పాడైపోతుంది. డీపీపీ-4 అనే ఎంజైము దానిని కత్తిరించి వేస్తుంది. ఫోను ఎత్తి రెండు మాటలు చెప్పేలోగా తీగ తెగిపోయినట్లు. దినమంతా నరం ద్వారా మందు ఎక్కించుకుంటూ ఎవరు కూర్చోగలరు?

ఈ చిక్కుకు శాస్త్రవేత్తలు రెండు దారులు కనుగొన్నారు.

ఒక దారి, తీగ తెంపేవాడిని ఆపడం. డీపీపీ-4ను అడ్డుకునే మాత్రలు ఇస్తే మన సొంత జీఎల్‌పీ-1 మరికొంత సేపు నిలుస్తుంది. ఇవే గ్లిప్టిన్ మాత్రలు. వీటిలో మొదటిదైన సిటాగ్లిప్టిన్‌కు 2006లో అమెరికాలో అనుమతి వచ్చింది.

రెండవ దారి, సులభంగా తెగని తీగ తయారు చేయడం. ఇది వింతైన చోట దొరికింది. అమెరికా ఎడారులలో గిలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి ఉన్నది. 1992లో న్యూయార్క్‌లోని వైద్య శాస్త్రవేత్త జాన్ ఎంగ్ ఆ బల్లి విషంలో జీఎల్‌పీ-1ను పోలిన పదార్థాన్ని కనుగొన్నారు. దానిని డీపీపీ-4 అంత సులభంగా తెంపలేదు. దాని ఆధారంగా తయారైన ఎక్సెనటైడ్ సూదికి 2005లో అమెరికాలో అనుమతి లభించింది. దాని తరువాత మనిషి హార్మోనునే కొద్దిగా మార్చి ఎక్కువకాలం నిలిచేటట్లు చేసిన మందులు వచ్చాయి. లిరాగ్లుటైడ్ రోజుకు ఒకసారి, సెమాగ్లుటైడ్ వారానికి ఒకసారి వేసుకునే సూదులు. జీఎల్‌పీ-1, జీఐపీ రెండింటి పనినీ చేసే టిర్జెపటైడ్ కూడా వారానికి ఒకసారి వేసుకునేదే. ఇది మన దేశంలోకి 2025లో వచ్చింది. ఈ మందులకు దారి వేసినందుకు హేబెనర్, మొయ్‌సోవ్‌లకు, లిరాగ్లుటైడ్‌ను రూపొందించిన లోట్టె క్నుడ్సెన్‌కు కలిపి 2024లో లాస్కర్ పురస్కారం ఇచ్చారు.

మీ చీటీలోని మందులు

మెట్ఫార్మిన్: ఇప్పటికీ చాలామందికి ఇదే మొదటి మాత్ర. కాలేయం నుండి వచ్చే చక్కెరను తగ్గిస్తుంది. ప్రేవుల మీద కూడా పని చేసి జీఎల్‌పీ-1ను కొంత పెంచుతుంది. ధర తక్కువ. కొత్త మందు వచ్చిందని దీనిని మానవద్దు.

గ్లిప్టిన్‌లు: విల్డాగ్లిప్టిన్, సిటాగ్లిప్టిన్, టెనెలిగ్లిప్టిన్ వంటివి. వీటితో సాధారణంగా షుగర్ పడిపోదు, బరువు పెరగదు, తగ్గదు. షుగర్‌ను ఒక మోస్తరుగా తగ్గిస్తాయి. పేటెంటు గడువులు ముగిశాక విల్డాగ్లిప్టిన్ 2019 చివర నుండి, సిటాగ్లిప్టిన్ 2022 నుండి మన దేశంలో చవకగా దొరకసాగాయి. పేద కుటుంబాలకు ఇది మేలైన సంగతి. మూత్రపిండాలు బలహీనంగా ఉంటే వీటిలో కొన్నింటి మోతాదు తగ్గించాలి. అందుకే రక్తపరీక్ష చేయిస్తాము.

జీఎల్‌పీ-1 సూదులు: ఇవి గ్లిప్టిన్‌ల కంటె బలమైనవి. షుగర్‌తో పాటు ఆకలిని, బరువును తగ్గిస్తాయి. కొన్నింటి వల్ల గుండెకు, మూత్రపిండాలకు కూడా మేలు కలుగుతుందని పెద్ద పరిశోధనలలో తేలింది. 2016లో వెలువడిన లిరాగ్లుటైడ్ పరిశోధనలో 9,340 మంది పాల్గొన్నారు. గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బు మరణాలు కలిపి చూస్తే మందు వాడినవారిలో 13 శాతం తగ్గాయి. 2024లో వెలువడిన సెమాగ్లుటైడ్ పరిశోధనలో, అప్పటికే మూత్రపిండాలు దెబ్బతిన్న షుగర్ రోగులలో తీవ్రమైన మూత్రపిండ సమస్యలు, గుండె సంబంధ మరణాలు కలిపి 24 శాతం తగ్గాయి. గ్లిప్టిన్ మాత్రలలో ఇటువంటి మేలు కనబడలేదు. గ్లిప్టిన్‌ను, ఈ సూదిని రెండింటినీ కలిపి వాడవలసిన పని లేదు. రెండూ ఒకే దారిలో పోయేవే.

సెమాగ్లుటైడ్‌కు మన దేశంలో పేటెంటు గడువు 2026 మార్చి. గ్లిప్టిన్‌ల మాదిరిగానే పేటెంటు తీరిన మందుల ధర దిగడం మనం చూశాము. అయితే ధర దిగినంత మాత్రాన ఎవరికి వారు కొనుక్కునే మందు కాదిది. ఎందుకో చెబుతాము.

ఈ సూది ఎవరికి కాదు?

మొదటి రకం షుగర్ వ్యాధి ఉన్నవారికి ఇన్సులిన్‌కు బదులు ఇది పనికిరాదు. వారి క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలే దాదాపు మిగలవు. ఎంత ఫోను చేసినా రావడానికి హమాలీలు ఉండరు. అటువంటివారు ఇన్సులిన్ మానితే ప్రాణానికే ప్రమాదం. రెండవ రకం వారైనా, ఇన్సులిన్ వాడుతూ ఉంటే ఒక్కసారిగా మానకూడదు.

గర్భవతులు, గర్భం కోరుకునేవారు, పాలిచ్చే తల్లులు వాడకూడదు. సెమాగ్లుటైడ్ వాడుతున్నవారు గర్భం ధరించడానికి కనీసం రెండు నెలల ముందే ఆపాలి.

క్లోమ గ్రంథికి ఇదివరకు వాపు వచ్చినవారు డాక్టరుకు తప్పక చెప్పాలి. మెడల్లరీ అనే రకపు థైరాయిడ్ క్యాన్సరు తమకు గాని, తమ కుటుంబంలో గాని ఉన్నవారికి ఈ మందు ఇవ్వరు.

కంటి నరాలు షుగర్ వల్ల దెబ్బతిన్నవారిలో, షుగర్ మరీ వేగంగా తగ్గినప్పుడు చూపు సమస్య కొంతకాలం ఎక్కువ కావచ్చు. కాబట్టి సూది మొదలు పెట్టకముందే కంటి వెనుక పొర పరీక్ష చేయించుకోండి.

వికారం, వాంతులు, మలబద్ధకం, విరేచనాలు మొదటి వారాలలో తరచుగా వస్తాయి. అందుకే చిన్న మోతాదుతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుతాము. కొందరికి పిత్తాశయంలో రాళ్ళు రావచ్చు. కడుపు పై భాగంలో తీవ్రమైన నొప్పి వచ్చి వీపు వైపు పాకినా, వాంతులు ఆగకపోయినా సూది ఆపి వెంటనే ఆసుపత్రికి రావాలి. ఎండాకాలం పొలం పనిలో ఉండి వాంతులు చేసుకుంటే ఒంట్లో నీరు తగ్గి మూత్రపిండాలు దెబ్బతింటాయి.

సూది పెన్నును వాడకముందు ఫ్రిజ్‌లో పెట్టాలి. గడ్డకట్టే అరలో పెట్టకూడదు. గడ్డ కట్టిన మందు పనికిరాదు. బిల్లు లేకుండా, చేతులు మారి వచ్చిన పెన్నులు కొనకండి. ఒకరి పెన్ను మరొకరు, భార్యాభర్తలైనా సరే, వాడకూడదు.

మన పళ్ళెంలో ఏమి చేయగలము?

సూది లేకుండానే మన సొంత జీఎల్‌పీ-1ను కొంత బాగా పని చేయించే ఉపాయం ఉన్నది. దీనికి పైసా ఖర్చు లేదు. తినే వరుస మార్చడమే.

2016లో జపాను వైద్యులు ఒక చిన్న పరిశీలన ప్రచురించారు. అన్నం ముందు తిని చేప తరువాత తిన్నప్పటి కంటె, చేప గాని మాంసం గాని ముందు తిని అన్నం తరువాత తిన్నప్పుడు జీఎల్‌పీ-1 ఎక్కువగా వచ్చింది. కడుపు నుండి ఆహారం మెల్లగా దిగింది. తిన్న తరువాత షుగర్ తక్కువగా పెరిగింది. జపాను వారిది కూడా మన మాదిరే అన్నం భోజనం గనుక ఇది మనకు పనికివచ్చే సంగతి.

కాబట్టి భోజనానికి కూర్చున్నప్పుడు ముందుగా కూరగాయ కూర, ఆకుకూర పప్పు, లేదా గుడ్డు, చేప ఒక గిన్నెలో పెట్టుకుని తినండి. ఐదు పది నిమిషాల తరువాత రొట్టె గాని అన్నం గాని పెట్టుకోండి. గబగబా కాకుండా నమిలి తినండి. ప్రేవుల కబురు మెదడుకు చేరి "చాలు" అనిపించడానికి కొంత సమయం పడుతుంది. అంతలోపే మూడవసారి అన్నం వడ్డించుకుంటే ఆ కబురుకు విలువ లేదు.

పీచు ఉన్న ఆహారం మరొక మేలు చేస్తుంది. చిక్కుడు, గోరుచిక్కుడు, బెండ, తోటకూర, పొట్టు ఉన్న పెసలు, శనగలు తింటే వాటిలోని పీచు పెద్దప్రేవులో పులిసి, అక్కడి జీఎల్‌పీ-1 కణాలను ప్రేరేపించే పదార్థాలుగా మారుతుంది.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార నియమాలలో, మనకు రోజూ కావలసిన శక్తిలో ధాన్యాల నుండి 45 శాతానికి మించకూడదని చెప్పింది. మన పళ్ళెంలో ముప్పావు వంతు అన్నమే ఉంటున్నది. కొంత తగ్గించి ఆ చోటు కూరకు, పప్పుకు ఇవ్వాలి.

జొన్నరొట్టె మంచిదే. కాని "జొన్నకు షుగర్ ఉండదు" అనుకుని నాలుగు రొట్టెలు తినడం సరికాదు. జొన్నలోను, మక్కలోను కూడా పిండిపదార్థమే ఎక్కువ. గట్క, పలుచని అంబలి రొట్టె కంటె త్వరగా అరుగుతాయి. రెండు రొట్టెలు, దండిగా కూర, ఇది మంచి కొలత.

తిన్న తరువాత పది పదిహేను నిమిషాలు నడవండి. కదిలే కండరం ఇన్సులిన్ కోసం ఎదురుచూడకుండా కూడా చక్కెరను తీసుకుంటుంది. పొద్దంతా కూర్చుని బీడీలు చుట్టే అక్కలు, చెల్లెళ్ళు గంటకొకసారి లేచి వాకిట్లో నాలుగు అడుగులు వేయండి.

ఉపవాస ప్రార్థనలు చేసేవారికి

శ్రమకాలపు నలభై దినాలలోను, శుక్రవారపు ఉపవాస ప్రార్థనలలోను షుగర్ ఉన్న విశ్వాసులు కొందరు మాత్రలు వేసుకుని ఏమీ తినకుండా ఉంటారు. ఏ మాత్ర వేసుకున్నారన్నది ఇక్కడ చాలా ముఖ్యం.

గ్లిమిపిరైడ్, గ్లైబెంక్లమైడ్ వంటి మాత్రలు రక్తంలో చక్కెర ఉన్నా లేకపోయినా క్లోమాన్ని పిండి ఇన్సులిన్‌ను తెస్తాయి. యార్డు ఖాళీగా ఉన్నా హమాలీలను లోపలికి తోలినట్లు. వాటిని, లేదా ఇన్సులిన్ సూదిని, మామూలు మోతాదులో తీసుకుని తినకుండా ఉంటే చెమటలు పట్టి, వణుకు వచ్చి, స్పృహ తప్పవచ్చు. గ్లిప్టిన్‌లు, మెట్ఫార్మిన్ ఒంటరిగా వాడేవారికి ఈ ప్రమాదం తక్కువ. కాని ఒకే మాత్రలో రెండు మూడు మందులు కలిసి ఉండటం ఇప్పుడు మామూలు. అట్ట మీద పేర్లు చూపించి మమ్మల్ని అడగండి. ఉపవాసానికి ముందే మోతాదు మార్చి చెబుతాము. ఉపవాసంలో ఒంట్లో తేడా అనిపిస్తే వెంటనే చక్కెర నీళ్ళు తాగండి. ప్రాణం కాపాడుకోవడం విశ్వాసానికి లోటు కాదు.

మీరు అడిగే ప్రశ్నలు

ప్రశ్న: మాది పసుపు పండించే ఊరు. రోజూ పసుపు తింటే షుగర్ తగ్గదా?
జవాబు: కూరలో వేసే పసుపు నిరభ్యంతరంగా తినండి. అది మందుకు బదులు కాదు. పసుపు సారంతో చేసిన బిళ్ళలు ఎక్కువ మోతాదులో వాడినప్పుడు కొందరికి కాలేయం దెబ్బతిన్నట్లు వైద్య నివేదికలు ఉన్నాయి. వాటిని అడగకుండా వాడవద్దు.

ప్రశ్న: మెట్ఫార్మిన్ ఎక్కువకాలం వాడితే కిడ్నీలు చెడిపోతాయంటున్నారు.
జవాబు: కాదు. కిడ్నీలను చెడగొట్టేది అదుపులో లేని షుగరు, బీపీ. కిడ్నీలు ఇదివరకే బలహీనపడితే మాత్రం మెట్ఫార్మిన్ మోతాదు తగ్గించాలి లేదా ఆపాలి.

ప్రశ్న: నీరసంగా ఉంటే గ్లూకోజు బాటిల్ ఎక్కించుకోవచ్చా?
జవాబు: షుగర్ రోగులు అడిగి ఎక్కించుకోకూడదు. నరం ద్వారా వెళ్ళే గ్లూకోజుకు ప్రేవుల కబురు ఉండదని పైన చెప్పాము. ముందు వేలు మీద షుగర్ పరీక్ష చేయించుకోండి. నీరసానికి కారణం షుగర్ ఎక్కువ కావడమే కావచ్చు.

ప్రశ్న: సూదితో బరువు తగ్గాక మానేయవచ్చా?
జవాబు: మానితే ఆకలి తిరిగి వస్తుంది. చాలామందికి బరువు, షుగర్ మళ్ళీ పెరుగుతాయి. నెలనెలా ఖర్చు భరించగలమా అని మొదలుపెట్టక ముందే కుటుంబమంతా కూర్చుని ఆలోచించుకోండి. ఈ సూది కోసం అప్పు చేయవద్దు. చవకైన మాత్రలు క్రమంగా వాడి, తిండి, నడక సరిచేసుకుని షుగర్‌ను చక్కగా అదుపులో పెట్టుకున్నవారు ఎందరో ఉన్నారు.

ప్రశ్న: షుగర్ తగ్గింది, మాత్రలు ఆపవచ్చా?
జవాబు: మాత్రలు వాడుతున్నారు గనుకనే తగ్గింది. మూడు నెలలకొకసారి హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించి, డాక్టరుతో మాట్లాడిన తరువాతనే మార్పు చేయాలి.

గుర్తుంచుకోండి

• కూర, పప్పు ముందు. రొట్టె, అన్నం తరువాత.
• మీ మాత్రల పేర్లు తెలుసుకోండి. అట్టలు దాచి తీసుకురండి.
• ఉపవాసానికి ముందు, గర్భం కోరుకునే ముందు డాక్టరును అడగండి.
• సంవత్సరానికి ఒకసారి కంటి, మూత్రపిండాల, పాదాల పరీక్ష చేయించుకోండి.
• ఇరుగుపొరుగు వాడే మందు మీకు మందు కాదు.

షుగర్‌ను ఒక్క మనిషి ఒంటరిగా అదుపు చేయలేడు. ఇంట్లో వండే చెయ్యి, వడ్డించే చెయ్యి కూడా మారాలి. అత్తమ్మకు ఒక వంట, మిగతావారికి ఒక వంట అంటే ఎన్నాళ్ళో సాగదు. అందరికీ ఒకటే వంట చేసి, అందరూ కూర ముందు తింటే ఇంటిలో పిల్లలకూ మేలు. సంఘంలో ప్రేమవిందు పెట్టినప్పుడు కూడా ముందు కూరలు, పప్పు వడ్డించి తరువాత అన్నం తెచ్చే పద్ధతి పెట్టుకోవచ్చు. మిఠాయి వద్దన్నవారిని బలవంతం చేయకుండా ఉండవచ్చు.

పట్టుబడితే ఊరు ఏమి చేయగలదో వేల్పూర్ వారికి చెప్పనక్కరలేదు. 2001 అక్టోబరు 2న ఈ మండలం బాలకార్మికులు లేని మండలంగా ప్రకటించుకున్నది. పిల్లలను బడికి పంపడం ఒక్క ఇంటి పని కాదని ఊళ్ళన్నీ కలిసి నడుం కట్టినందువల్లనే అది సాధ్యమైంది. ఆనాడు బడిలో చేరిన పిల్లలు ఈనాడు ఇంటి పెద్దలు. వారి తల్లిదండ్రులలో షుగర్ వ్యాధి ఉన్నవారు ఎందరో. ఆ బిడ్డలు తల్లిదండ్రుల మందుల అట్టల మీద పేర్లు చదివి, పరీక్ష తేదీ గుర్తుపెట్టి, పళ్ళెంలో కూర ముందు వడ్డిస్తే అది గొప్ప సేవ.

దేవుడు మీకును మీ కుటుంబములకును మంచి ఆరోగ్యమును దయచేయును గాక.